నలభై ఒక్క నల్ల గింజలు

అక్టోబరు 18. సెయింట్ లూకా పండుగ

ఇవాళ మా కోడిపుంజు మూడో అధ్యాయం మీద నడిచింది. సిరా ఇంకా ఆరలేదు. కొత్తగా రాజ్యం గెలిచినవాడు పాత ప్రభువు మనుషులను ఏం చేయాలో చెప్పే పేజీ అది. ఇప్పుడు దాని నిండా మూడేసి వేళ్ళ ముద్రలు. మళ్ళీ రాయాలి. ఎవరు రాస్తారు? నేనే.

చెడిన కాగితం పారేయడం నాకిష్టం ఉండదు. వెనకవైపు తెల్లగానే ఉంది కదా అని ఇది రాసుకుంటున్నాను. ఆయన చూస్తారన్న బెంగ లేదు. మా ఆయన తాను రాసింది తప్ప ఇంకేదీ చదవరు. అది కూడా నేను శుభ్రంగా తిరగరాసి చేతికిచ్చాకే.

మా ఆయన సెర్ అవెరార్దో పదకొండేళ్ళు ఫ్లోరెన్స్ ప్రభుత్వానికి కార్యదర్శి. మొన్న ఫిబ్రవరి నుంచి ఎవరికీ కార్యదర్శి కారు. కొత్త ప్రభువులు వచ్చారు, ఈయనను తీసేశారు. మేము ఈ రియోసెక్కో కొండమీద ఆయన తండ్రి ఇంట్లో పడ్డాం. అప్పటి నుంచి ప్రభువులకు రాజ్యం చేయడం ఎలాగో నేర్పుతూ పుస్తకం రాస్తున్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో ప్రస్తుతానికి కోడిపుంజు గెలిచింది.

అక్టోబరు 21

ఆరో అధ్యాయం తిరగరాశాను. "నీకు కావలసింది నువ్వు అడగకు. అది తనకే కావాలని ఎదుటివాడికి తోచేలా చేయి." ఏడో అధ్యాయం: "ఇద్దరు బలవంతులు పోట్లాడుకునే చోట ఇద్దరికీ అక్కర్లేనివాడే నెగ్గుతాడు."

ఇంత తెలిసిన మనిషి సెప్టెంబరు సంతలో మా కంచరగాడిదను అమ్మలేకపోయారు. దానికి ఎడమ కన్ను కనిపించదని, బేరగాడు నోరు తెరవకముందే చెప్పేశారు. ఎందుకు చెప్పారండీ అంటే, "అడిగేదాకా ఆగడం మర్యాదా?" అన్నారు.

అక్టోబరు 25

నగరం నుంచి ఉత్తరం. రాసింది సెర్ గ్వాల్తియెరో. కచేరీలో ఈయన పక్క బల్ల దగ్గర కూర్చునేవాడు. ప్రభువులు మారినా బల్ల మారలేదు ఆయనకు. ఫ్రెంచి రాజుగారి కొలువుకు ఉత్తరాలు రాయగలిగిన మనిషి కావాలట. పాతవన్నీ ప్రభువులు మరిచిపోయారట. నవంబరు 30, సెయింట్ ఆంద్రేయ పండుగలోపు వస్తే పదవి ఈయనదేనట.

ఆయన మూడుసార్లు చదివారు. నాలుగోసారి నాకు వినిపించారు.

"మరిచిపోయింది ఎవరండీ? వాళ్ళా, మీరా?" అన్నాను.

"ప్రభువులకు పనివాళ్ళు కావాలి డియనోరా. పగ పట్టుకుని కూర్చుంటే ఉత్తరాలెవరు రాస్తారు?"

"పగ తీర్చుకోవాలన్నా ముందు మనిషి చేతికి దొరకాలిగా?"

"నీకు రాజకీయం తెలియదు" అన్నారు. నిజమే. ఏడు అధ్యాయాలు రెండేసి సార్లు రాశాను గానీ నాకేం తెలుసు.

అక్టోబరు 26

నాకేం భయం లేదు. నగరంలో ఇల్లు ఎనిమిది నెలలుగా మూసి ఉంది, ఎంత దుమ్ము పట్టిందో అని మాత్రమే నా చింత.

అక్టోబరు 29

చలి మొదలైంది. పొద్దున్నే ఆయనకు ఉన్ని చొక్కా తొడిగాను. కుడి చేయి భుజం దాటి లేవదు. ముందు ఆ చేయి దూర్చి, తర్వాత తల, తర్వాత ఎడమ చేయి. ఇప్పుడు ఇద్దరికీ అలవాటైపోయింది. ఆయన ఆ సమయంలో ఎప్పుడూ వాతావరణం గురించి మాట్లాడతారు.

పదవి పోయిన కొత్తలో, ఎవడి జేబులోనో ప్రభువుల మీద కుట్ర చేసినవాళ్ళ జాబితా ఒకటి దొరికింది. అందులో ఈయన పేరుంది. ఆ జేబు ఎవరిదో కూడా ఈయనకు తెలియదు. ఇరవై రెండు రోజులు జైల్లో ఉంచారు. చేతులు వెనక్కి కట్టి తాడుతో పైకి లాగి వదిలారు, నాలుగుసార్లు. నేను రోజూ రొట్టె పట్టుకుని జైలు తలుపు దగ్గర నిలబడేదాన్ని. కాపలావాళ్ళు తినేవాళ్ళు. వాళ్ళు తింటే ఈయన ఇంకా బతికే ఉన్నట్టని నాకు నేనే చెప్పుకునేదాన్ని. అలా ఎందుకు అనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

బయటికి వచ్చి నన్ను చూసి ఆయన అన్న మొదటి మాట: "ఏమిటి ఇలా చిక్కిపోయావు?"

నాకేం భయం లేదని మొన్న రాశాను. అది అలాగే ఉండనీ.

నవంబరు 2

పిండి పిసుకుతుంటే మా చర్చి ఫాదర్ దొన్ ఫెదె గారు వచ్చారు. సెయింట్ మార్టిన్ పండుగ రోజు ఊరిపెద్దను ఎన్నుకోవాలి. నియమం ప్రకారం మూడు పేర్లుండాలి. ఉన్నవి రెండే. పైపేటకు పిండిమర నడిపే నూతో, కిందపేటకు మాంసం కొట్టు బిందో. వాగు నీళ్ళ కోసం రెండు పేటలూ మూడేళ్ళుగా కొట్టుకుంటున్నాయి. ఆ గొడవలో తల దూర్చడానికి మూడోవాడు దొరకడం లేదు.

"పేరుకు ఒక పేరు కావాలి సెర్ గారూ, అంతే" అన్నారు ఫాదర్.

మా ఆయన ముఖం వెలిగింది. సలహా అడిగినవాళ్ళు దొరికి తొమ్మిది నెలలైంది మరి. "నా పేరు పెట్టండి" అన్నారు.

"పొరపాటున గెలిస్తే?"

"నేనా! పట్నం నుంచి వచ్చి పుస్తకం రాసుకునేవాణ్ణి. నాకు అవునంటూ మూడు నల్ల గింజలు పడితే గొప్ప."

"అయినా ఒక మాట చెప్పాలి కదండీ. గెలిచినవాడు కాదనడానికి లేదు. ఆ గంటలోనే ప్రమాణం చేయాలి. ఆరు నెలలు పొలిమేర దాటి నిద్ర చేయకూడదు. ఇంకే పదవీ తీసుకోకూడదు."

"నాకే చెబుతున్నారా ఫాదర్? ఆ నియమాలు రాసిన నోటరీ మా తాతగారే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను పిండిని అవసరానికి మించి పిసికాను. రొట్టె చాలా బాగా వచ్చింది.

నవంబరు 5

మళ్ళీ రొట్టెలు కాల్చే రోజు. ఊరికంతటికీ పొయ్యి ఒక్కటే. పైపేట ఆడవాళ్ళు పొద్దున, కిందపేట వాళ్ళు మధ్యాహ్నం వస్తారు. ఒకరి ముఖం ఒకరు చూడరు. మా ఇల్లు చర్చి పక్కన, రెండింటికీ మధ్యలో ఉంది. నేను రెండు పూటలూ వెళ్ళాను. పిండి ఎక్కువైందని చెప్పాను. నిజంగానే ఎక్కువైంది, నేనే ఎక్కువ కలిపాను.

పొద్దున నూతో భార్య నెంచా అందుకుంది. "ఏం వదినా, సెర్ గారు కూడా బరిలో దిగారటగా?"

"ఎక్కడమ్మా! ఆయనకు వద్దే వద్దు. గెలిస్తే ఈ కొండమీద ఆరు నెలలు ఇరుక్కుపోతాం కదా."

"గెలవరులే, దిగులు పడకు. మావాళ్ళు ఇరవై ఒక్కరూ మా ఆయనకే."

"కిందపేట ఇరవై ఇద్దరు కదూ?" అన్నాను. రొట్టె తిప్పుతూ ఊరికే అన్నాను.

నెంచా నోరు కాసేపు మూతపడింది. నెంచా నోరు మూతపడటం ఈ ఊళ్ళో గ్రహణం లాంటిది. "ఒక్క గింజ తేడాతో ఆ కసాయివాడు ఊరిపెద్దా? వాడికంటే మీ సెర్ గారే నయం. ఒక్కో పేరుకూ విడిగానే కదా గింజలు వేసేది? మావాళ్ళు మా ఆయనకూ నల్లది వేస్తారు, మీ ఆయనకూ వేస్తారు."

"వద్దమ్మా, బాబ్బాబు!" అన్నాను.

"నువ్వూరుకో వదినా. నీకు తెలియదు."

మధ్యాహ్నం బిందో భార్య బెత్తా. ఆమె నిదానం మనిషి. "మాకేం, ఒక గింజ ఎక్కువే" అంది.

"అవునమ్మా. మీ పేటంతా పిండి ఎక్కడ పట్టిస్తారు?"

"ఇంకెక్కడ, నూతో మర..." అని ఆగిపోయింది. మర మూసేస్తానని నూతో ఇద్దరిని బెదిరిస్తే చాలునని ఆమెకే తట్టింది. మిగతాదంతా కూడా ఆమెకే తట్టింది. నేను "వద్దు, వద్దు" అంటూనే ఉన్నాను.

ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అందుకే కాబోలు, ఇంటికొచ్చేసరికి కొంచెం సిగ్గేసింది.

నవంబరు 8

నగరం ప్రయాణానికని బూట్లకు కొవ్వు పూస్తున్నారు. ఈల వేస్తున్నారు. నాకు ఆ పాట నచ్చదు.

నవంబరు 11. సెయింట్ మార్టిన్ పండుగ

చర్చిలో మగవాళ్ళు, అరుగు మీద మేము. ఒక్కో పేరు చదవగానే ఒక్కొక్కరూ పిడికిలి మూసి సంచిలో చేయి పెడతారు. నల్ల చిక్కుడు గింజ అంటే అవును, తెల్లది అంటే కాదు. దొన్ ఫెదె గారి గొంతు బయటికి వినిపిస్తోంది. నూతో, ఇరవై ఒకటి నల్లవి. బిందో, ఇరవై రెండు. సెర్ అవెరార్దో... లెక్క ఆగింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టారు.

నలభై నలుగురిలో నలభై ఒకటి నల్లవి.

తెల్లవి మూడు. ఒకటి నూతో, ఒకటి బిందో, ఒకటి మా ఆయన.

శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. బయటికి వచ్చేసరికి ప్రమాణం కూడా అయిపోయింది. మెడలో ఊరి తాళపుచెవులు. జనం భుజం తడుతున్నారు, అదీ కుడి భుజం. కొత్త వైన్ గిన్నె చేతిలో పెడుతున్నారు. నన్ను చూసి, "డియనోరా, ఏం జరిగింది?" అన్నారు, దారి తప్పినవాడిలా.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డారు. "ఇది విధి. ఇంకేం కాదు. మనిషి బుద్ధి సగం, విధి సగం అని రాశాను, తప్పు రాశాను. విధి మూడు పాళ్ళు." మెడలో తాళపుచెవులు తడుముకుని, "నలభై ఒకటి! ప్రభువులకే ఏనాడూ అన్ని పడలేదు" అన్నారు. గొంతులో దుఃఖమూ ఉంది, ఇంకోటీ ఉంది.

నాకు మనసు ఊరుకోలేదు. "తొమ్మిదో అధ్యాయంలో మీరే రాశారు కదండీ, అవసరం పడితే ప్రమాణం తప్పవచ్చని. వెళ్ళాలంటే వెళ్ళండి" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

ఆయన నన్ను వింతగా చూశారు. "అది ప్రభువులకు. నాకు కాదు."

నవంబరు 30. సెయింట్ ఆంద్రేయ పండుగ

వాన. ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు.

డిసెంబరు 2

పొద్దంతా కిటికీ దగ్గర నిలబడ్డారు. మబ్బు లేకపోతే అక్కడి నుంచి నగరంలో పెద్ద చర్చి గుమ్మటం కనిపిస్తుంది. పుస్తకం తెరవలేదు. పిలిస్తే భోజనానికి వచ్చారు, ఏం పెట్టానో చూడకుండా తిన్నారు.

నేను చేసింది ఆయన మంచికే.

ఆయన మంచికే. రెండుసార్లు రాశాను, సిరా దండగ.

జనవరి 17

వాగు గొడవ తీర్చడానికి మొదట ఏడో అధ్యాయం ప్రయోగించారు. నూతోను విడిగా పిలిచి బిందో మీద, బిందోను విడిగా పిలిచి నూతో మీద ఏవో రహస్యాలు ఊదారు. మర్నాడు రొట్టెల రోజు. మధ్యాహ్నానికల్లా రహస్యాలన్నీ పొయ్యి దగ్గర పోగయ్యాయి. మూడేళ్ళలో మొదటిసారి నెంచా, బెత్తా పక్కపక్కన నిలబడి నవ్వుకున్నారు. ఒకరకంగా గెలుపే అనుకోవాలి.

తర్వాత పుస్తకం పక్కనపెట్టి, ఒక కర్రకు గాట్లు పెట్టుకుని వాగులో దిగారు. ఎవరి మడికి ఎంత నీరు పారుతుందో వారం రోజులు కొలిచారు. మూడు రోజులు పైపేటకు, మూడు రోజులు కిందపేటకు, ఆదివారం నీళ్ళు వాగుకే. కాలువ పూడిక తీయడానికి తానే ముందు పార పట్టారు, ఎడమ చేత్తో. ఇద్దరూ ఒప్పుకున్నారు.

"ఎలా ఒప్పుకున్నావయ్యా?" అని నూతోను ఫాదర్ అడిగారట. "సొంత గాడిద గుడ్డిదని సంతలో అరిచి చెప్పిన మనిషండీ ఆయన. నీళ్ళ దగ్గర అబద్ధం ఆడతాడా?" అన్నాడట.

ఆయనకు ఈ మాట చెప్పాను. ముఖం మాడ్చుకున్నారు. ఏ అధ్యాయంలోనూ ఇమడదు కదా.

ఫిబ్రవరి 20

గ్వాల్తియెరో ఉత్తరం. నవంబరులో ఈయన వెళ్ళకపోతే ఇంకొకరిని పెట్టుకున్నారు. జనవరిలో అతణ్ణి కూడా తీసేశారు. "ఎక్కడున్నాడని అడగడం ప్రస్తుతం మర్యాద కాదు" అని రాశాడు.

నేను గరిటె కింద పెట్టేశాను. ఆయన ఉత్తరం మడిచారు. మళ్ళీ విప్పి చూసి, "అతనికి ఫ్రెంచి సరిగ్గా రాదు. అందుకే అయి ఉంటుంది" అన్నారు.

మార్చి 25

ఫ్లోరెన్స్ లెక్క ప్రకారం ఇవాళే కొత్త సంవత్సరం. ఆయన అరచేతుల్లో పార కాయలు కాచాయి. ఆకలి వేస్తోంది, కంటినిండా నిద్రపోతున్నారు, నా మీద కేకలు కూడా వేస్తున్నారు. పుస్తకం పద్నాలుగో అధ్యాయంలో ఆగింది. నేను గుర్తు చేయడం లేదు.

మే 11

పదవి అయిపోయింది. తాళపుచెవులు ఫాదర్ చేతికిచ్చారు. ఊరంతా మళ్ళీ ఆయనే ఉండాలంది. కుదరదట. ఒకసారి చేసినవాడు మూడేళ్ళు దూరంగా ఉండాలని నియమం. అదీ ఆ తాతగారే. ఆ పెద్దాయనను నేను చూడలేదు. చూసి ఉంటే రెండు మాటలు అడిగేదాన్ని.

మే 15

నిన్నటి సంగతి. నిన్న చేతులు ఆడక రాయలేదు.

నగరం నుంచి గుర్రం మీద దూత వచ్చాడు. ఈసారి గ్వాల్తియెరో ఉత్తరం కాదు, ప్రభువుల ముద్ర ఉన్నది. అదే పదవి. జవాబు వెంటనే కావాలి. దూతకు వైన్ ఇచ్చి బయట బల్ల మీద కూర్చోబెట్టాను. నిన్న రొట్టెల రోజు. ఎదురుగా పొయ్యి దగ్గర ఆడవాళ్ళందరూ ఉన్నారు. ఇప్పుడు రెండు పేటలూ ఒకే పూట వస్తున్నాయి.

ఆయన లోపల బూట్లు వెతుక్కుంటున్నారు. నేను మనసులో అధ్యాయాలన్నీ తిరగేశాను. ఆరు, ఏడు, తొమ్మిది, పదకొండు. ఒక్కటీ పనికిరాలేదు. అప్పటికి ఒక బూటు తొడుక్కున్నారు.

"వెళ్ళకండి" అన్నాను.

"ఏం?"

"నాకు భయం."

చెప్పాక ఇంక ఆగలేదు. జైలు తలుపు, రొట్టె, ఎక్కడున్నాడో అడగకూడని ఆ మనిషి, అన్నీ చెప్పాను. రోజూ పొద్దున్నే చొక్కా తొడిగేటప్పుడు వాతావరణం గురించి మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుందని చెప్పాను. ఏడుస్తూనే, నలభై ఒక్క గింజలూ నావేనని కూడా చెప్పేశాను.

ఆయన ఒక బూటుతో అలాగే నిలబడిపోయారు.

"నువ్వా?"

"నేనే."

"విధి కాదా?"

"కాదండీ. పొయ్యి దగ్గర."

రెండో బూటు అందుకోబోయి ఆగారు. కోపం వస్తుందనుకున్నాను. తల ఎత్తి, "ఏ అధ్యాయం?" అన్నారు.

"ఆరు. కొంచెం ఏడు."

"ఆరు పనిచేసిందా!" అన్నారు. పండుగనాడు పిల్లవాడికి కొత్త బట్టలిచ్చినట్టు వెలిగింది ముఖం. వెంటనే ఆరిపోయింది. దగ్గరికొచ్చి ఎడమ చేయి నా తలమీద పెట్టారు. "పిచ్చిదానా. ఈ ఒక్క మాట అప్పుడే అడిగి ఉంటే సరిపోయేది కదా."

"మీరే కదా అడగొద్దని రాశారు!"

ఆయన అలాగే ఒంటి బూటుతో బయటికి వెళ్ళారు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"ప్రభువులతో చెప్పు, నేను రాలేను" అన్నారు.

దూత మంచివాడే. పెద్దమనిషి పరువు కాపాడాలని చూశాడు. "ఒంట్లో బాగోలేదని చెప్పమంటారా?"

"బాగానే ఉంది."

"పొలం పనులున్నాయని?"

"లేవు. నా భార్యకు భయంగా ఉందట. అందుకని రాను. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

పొయ్యి దగ్గర మాటలు ఆగిపోయాయి. దూత మూతి తుడుచుకుని, ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక పకపకా నవ్వాడు. వాడితోపాటు నెంచా మొదలుపెట్టింది. ఆ తర్వాత అందరూ. గుర్రం మలుపు తిరిగినా దూత నవ్వు వినిపిస్తూనే ఉంది. సాయంత్రానికి పైపేటలో మగవాళ్ళు ఒకరినొకరు "మీ ఆవిడకు భయం వేయడం లేదా?" అని పలకరించుకున్నారట.

ఆయన లోపలికి వచ్చారు. చెవులు ఎర్రగా కందిపోయాయి. కూర్చుని ఆ ఒక్క బూటూ విప్పారు.

"ఇంకా నవ్వుతున్నారా?" అని అడిగారు.

తలుపు సందులోంచి చూశాను. "నవ్వుతున్నారండీ."

"నవ్వనీ" అన్నారు.